ఒకే నటుడు, ఐదు వేషాలు, టైటిల్స్‌లో ఒక్కటే పేరు: పాత హాలీవుడ్‌లో ఇలా ఎందుకు చేశారు?

పాతరీలు_గుంటూరు
గత ఆదివారం మా అమ్మాయితో కలిసి 1939 నాటి ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ చూశాను. దానికి ఎనిమిదేళ్లు. మాంత్రికుడి గది ముందు కాపలా కాసే భటుడు కథానాయిక డొరతీ ఏడుపు విని తానూ బొటబొటా కన్నీళ్లు కార్చే చోట అది నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “నాన్నా, ఇందాక నగరం తలుపు తీసిన తాతే కదా ఈయన, మీసం మార్చాడంతే” అంది. వెనక్కి తిప్పి చూస్తే నిజమే. ఊరూరా తిరిగే జోస్యుడు ప్రొఫెసర్ మార్వెల్, నగరం తలుపు దగ్గరి ద్వారపాలకుడు, రంగులు మారే గుర్రం బండి తోలేవాడు, ఏడ్చే భటుడు, చివరికి తెర చాటున దొరికిపోయే మాంత్రికుడు: ఈ ఐదు వేషాలూ ఫ్రాంక్ మోర్గన్ ఒక్కరివే.

చివర వచ్చే పాత్రల పట్టికలో మాత్రం ఆయన పేరు ఎదురుగా ‘ప్రొఫెసర్ మార్వెల్’ అని ఒక్కటే ఉంది. సినిమాకు ఏ పాత్ర పేరు పెట్టారో ఆ పాత్రకే ఎవరి పేరూ పడలేదు. మార్గరెట్ హామిల్టన్ ఎదురుగా ‘మిస్ గల్చ్’ అని ఉంది గానీ, పిల్లలు రాత్రి కలవరించే ఆ పచ్చముఖం మంత్రగత్తె ఊసే లేదు. రే బోల్జర్‌కు పొలం పాలేరు ‘హంక్’ అని పడింది, దిష్టిబొమ్మ అని పడలేదు. ఇది అప్పటి అలవాటా, లేక నటులకు జరిగిన అన్యాయమా? పాత హాలీవుడ్ సినిమాలు శ్రద్ధగా చూసినవారు చెప్పాలని కోరుతున్నాను.

నీలినీడ
ఈ ఒక్క సినిమా వరకు అన్యాయం అనడానికి నేను ఒప్పుకోను. కథ మొత్తం డొరతీ కల. కాన్సాస్‌లో తన చుట్టూ ఉన్న మనుషులే కలలో వేరే రూపాలతో ఎదురవుతారు. దిష్టిబొమ్మ వేషం ఎవరిదో పట్టికలో రాసేస్తే, “నువ్వూ ఉన్నావు, నువ్వూ ఉన్నావు” అని మంచం చుట్టూ చేరినవాళ్లను డొరతీ గుర్తుపట్టే ఆ చివరి ఘట్టానికి విలువ ఉండదు. మీ అమ్మాయి తనంతట తాను కనిపెట్టడంలోని ఆనందాన్ని ఆ పట్టిక కాపాడిందనే నేను అనుకుంటున్నాను.

బెజవాడ_బాల్కనీ
పట్టిక సినిమా ముగిశాక వస్తుంది కదా నీలినీడ గారూ. గుట్టు అంతా విప్పేశాక ఇంకా దాచడం దేనికి?

నీలినీడ
బాల్కనీ గారి ప్రశ్న సబబైనదే. కాకపోతే ఆ రోజుల్లో సినిమా మధ్యలో హాల్లోకి వచ్చి, ముగిశాక కూర్చునే ఉండి, మళ్లీ మొదటినుంచి చూసి వెళ్లే ప్రేక్షకులు అమెరికాలో చాలామంది ఉండేవారు. వారికి ముగింపు పట్టిక ప్రారంభం కంటే ముందే కనబడేది.

చదువరి1962
దీనికి కాస్త వెనకటి చరిత్ర ఉంది. 1910కి ముందు అమెరికా సినిమాల్లో నటీనటుల పేర్లు వేయడమే అరుదు. ఫ్లారెన్స్ లారెన్స్‌ను జనం ‘బయోగ్రాఫ్ అమ్మాయి’ అని కంపెనీ పేరుతోనే పిలిచేవారు. ఆమె పేరును బయటపెట్టి, పేరుతోనే ప్రచారం చేసినవాడు 1910లో నిర్మాత కార్ల్ లామ్లీ. పేరు తెలిస్తే అభిమానం పెరుగుతుంది, అభిమానం పెరిగితే జీతం పెంచమంటారు. ఈ లెక్క తెలిసిన నిర్మాతలు పేర్ల విషయంలో మొదటినుంచీ చేయి బిగించే ఉన్నారు. తర్వాత స్టూడియోల కాలం వచ్చింది. నటులు వారానికి ఇంత అని జీతానికి కుదిరినవారు. సినిమా మొదట్లో నాలుగైదు కార్డులు, అందులో నటీనటులకు ఒకటో రెండో. ఉన్న చోటు ఒక డజను పేర్లకు సరిపోతుంది. ఒకే మనిషికి రెండు వరుసలు ఇవ్వాలనే ఆలోచన వారికి రాదు.

ఫ్రాంక్ మోర్గన్ విషయంలో నాకు పెద్ద బాధ లేదు. ఆయన ఆ స్టూడియోలో పేరున్న నటుడు. మొదటి టైటిల్ కార్డులో జూడీ గార్లండ్ పేరు తర్వాత ఆయన పేరే ఉంటుంది. ఒక్క వరుసలో కూడా పేరు పడనివారి గురించి మాట్లాడుకోవాలి.

రీలుబాక్సు
చదువరి గారి చివరి వాక్యాన్ని అందుకుంటున్నాను. అదే సినిమాలో బెటీ డాంకో అని ఒకావిడ ఉన్నారు. మార్గరెట్ హామిల్టన్‌కు డూపు. 1938 డిసెంబరు 23న మంత్రగత్తె మంటల్లో మాయమయ్యే షాట్ తీస్తుండగా మంట ముందే లేచి హామిల్టన్ ముఖమూ చెయ్యీ కాలిపోయాయి. ఆవిడ పూసుకున్న పచ్చరంగులో రాగి కలిసి ఉండడంతో కాలిన చర్మం మీద నుంచి దాన్ని తుడవడమే నరకమైంది. ఆరు వారాల తర్వాత తిరిగి వచ్చి, నిప్పుతో ఇక పని చేయనని తేల్చి చెప్పారు. అందుకని పొగ చిమ్మే చీపురు మీద ఎగిరే షాట్‌కు బెటీ డాంకోను కూర్చోబెట్టారు. చీపురుకు అమర్చిన పొగగొట్టం పేలి, ఆమె కాలికి లోతైన గాయమై ఆసుపత్రి పాలయ్యారు. తెర మీద ఆ మంత్రగత్తెలో కొంత భాగం ఆవిడే. టైటిల్స్‌లో ఎక్కడా లేరు.

శ్రావణి_డల్లాస్
ఆ సినిమాలో గొంతులది కూడా ఇదే కథ. రేకు మనిషి వేషానికి మొదట బడీ ఎబ్సెన్‌ను తీసుకున్నారు. మేకప్‌లో వాడిన అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయన ఆసుపత్రిలో చేరితే జాక్ హేలీని పెట్టారు. అయితే నలుగురూ మాంత్రికుడి దగ్గరికి బయలుదేరుతూ పాడే పాటలో ఎబ్సెన్ గొంతు ఇప్పటికీ వినిపిస్తుంది. రేకు మనిషి పాటలో “రోమియో” అంటూ ఒక్క పలుకు పలికే ఆడగొంతు ఆడ్రియానా కాసెలొట్టిది. 1937 నాటి ‘స్నో వైట్’కు గొంతు ఇచ్చిందీ ఆవిడే. అక్కడా పేరు లేదు, ఇక్కడా పేరు లేదు.

మాటలపెట్టె
స్నో వైట్ మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. ఆ సినిమాలో ఏ గొంతుకూ పేరు వేయలేదు. అందగత్తె అయిన రాణి, ఆపిల్ పండు పట్టుకొచ్చే ముసలి మంత్రగత్తె, ఇద్దరికీ గొంతు లుసీల్ లా వెర్న్ అనే రంగస్థల నటిదే. రాణి గొంతు బాగా కుదిరింది గానీ ముసలిదాని గొంతు ఎంతకీ కుదరలేదట. ఆవిడ ఒక్క నిమిషం బయటికి వెళ్లి వచ్చి మైకు ముందు నిలబడగానే సరిగ్గా కావలసిన గొంతు వచ్చిందట. ఏం చేశారమ్మా అని అడిగితే, “కట్టుడు పళ్లు తీసి పెట్టాను” అన్నారని అక్కడ పనిచేసిన చిత్రకారులు తర్వాత చెప్పుకున్నారు. మరుగుజ్జుల్లో ఎప్పుడూ చిటపటలాడేవాడికీ, ఎప్పుడూ నిద్రలో తూగేవాడికీ గొంతు పింటో కాల్విగ్ ఒక్కడిదే. ఈ రెండు స్వభావాలనూ పక్కపక్కన విని చూడండి, ఒకే మనిషి అంటే నమ్మడం కష్టం.

నేను హైదరాబాదులో పదకొండేళ్లుగా డబ్బింగ్ చెబుతున్నాను. ఒక పరభాషా సినిమాకు ఒకే రోజు నర్సు, పక్కింటి పిన్ని, బడిపిల్లవాడు, రైల్వే ప్రకటన, ఇలా నాలుగు గొంతులు చెప్పాను. పిల్లవాడి గొంతు కోసం దవడ బిగించి మాట్లాడితే ఆ రాత్రి అన్నం నమలలేకపోయాను. డబ్బింగ్ వారి పేర్లు వేస్తామన్నారు. విడుదలయ్యాక మా అమ్మను తీసుకుని సినిమాకు వెళ్లి ఆఖరి అక్షరం వరకూ నిలబడ్డాం. పేరు రాలేదు. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది.

పాతరీలు_గుంటూరు
మాటలపెట్టె గారూ, మీరు రాసింది చదివాక కాసేపు మరేమీ చదవలేకపోయాను. లా వెర్న్ గారి సంగతి నాకు తెలియదు. ఈ రాత్రికి ఆ రెండు ఘట్టాలూ మా అమ్మాయికి వినిపిస్తాను.

గోదారిగట్టు
గొంతుల విషయంలో ఒక్కరి పేరు మాత్రం ప్రతి సినిమాలో కనబడేది, అది మెల్ బ్లాంక్. వార్నర్ కార్టూన్లకు ఆయన జీతం పెంచమని అడిగితే, జీతం బదులు పేరు వేస్తామన్నారని, ఆయన దానికే ఒప్పుకున్నారని చెబుతారు. 1940లలో మొదలైన ఆ పద్ధతి వల్ల జనమంతా ఆ కార్టూన్లలో గొంతులన్నీ బ్లాంక్‌వే అనుకున్నారు. వేటగాడు ఎల్మర్ ఫడ్‌కు గొంతు ఆర్థర్ క్యూ. బ్రయన్‌ది. బామ్మకూ, మంత్రగత్తె హేజెల్‌కూ జూన్ ఫోరే. వారికి పేరు లేదు. ఒకరికి పేరు వేయడం వల్ల మిగిలినవారు మరింత మరుగున పడడమంటే ఇదే.

బెజవాడ_బాల్కనీ
అలెక్ గిన్నెస్ ఎనిమిది వేషాలు వేసిన సినిమా కూడా ఈ కోవలోకే వస్తుందా?

చదువరి1962
రాదు. ‘కైండ్ హార్ట్స్ అండ్ కరోనెట్స్’, 1949, అది లండన్‌లోని ఈలింగ్ స్టూడియో వారిది. పైగా ఆ ఎనిమిది వేషాలనూ వారు గొప్పగా చెప్పుకున్నారు, దాచలేదు. మన చర్చ హాలీవుడ్‌లో పేరు పడని వేషాల గురించి. ఎన్ని వేషాలు వేశారన్నది కాదు, వేసిన వేషాన్ని ఎందుకు చెప్పలేదన్నదే ఇక్కడ ప్రశ్న.

తెరవెనుక
ఈ ప్రశ్నకు నా దృష్టిలో ఒకే మనిషి పేరు చాలు: డూపు నటుడు యకీమా కనట్. 1939 నాటి ‘స్టేజ్‌కోచ్’లో ఉప్పునేల మీద ఆ తరుముడు ఘట్టాన్ని జాగ్రత్తగా చూడండి. కాలిఫోర్నియాలో విక్టర్‌విల్ దగ్గరి ఎండిపోయిన చెరువులో తీశారు. ఒక అపాచీ యోధుడు తన గుర్రం మీద నుంచి బండి లాగే ముందు గుర్రాల మీదికి దూకుతాడు. జాన్ వేన్ తుపాకీతో కాలుస్తాడు. ఆ యోధుడు గుర్రాల మధ్య జారి, నేల మీద ఈడ్చుకుపోయి, చేతులు వదిలేస్తాడు. ఆరు గుర్రాలూ బండీ అతని మీదుగా వెళ్లిపోతాయి. ఆ యోధుడు కనట్. కాసేపటికి పగ్గాలు జారిపోతే జాన్ వేన్ బండి మీద నుంచి గుర్రాల వీపుల మీద ఒక్కొక్కటీ దూకుతూ ముందుకు పోతాడు కదా, ఆ దూకేది కూడా కనటే. అంటే కాల్పులకు గురైనవాడూ, కాల్చిన వీరుడి పేరున దూకినవాడూ ఒకే మనిషి. టైటిల్స్‌లో ఆయన పేరు లేదు.

అదే ఏడాది ‘గాన్ విత్ ద విండ్’. మండుతున్న అట్లాంటాలో బండి తోలుతూ స్కార్లెట్‌ను కాపాడే రెట్ బట్లర్‌కు డూపు వేసినవారిలో కనట్ ఒకరు. మంటలు తీసింది 1938 డిసెంబరు 10 రాత్రి, స్టూడియో వెనక స్థలంలోని పాత సెట్లకు నిప్పుపెట్టి. సినిమా రెండో భాగంలో వంతెన మీద అదే స్కార్లెట్ బండిని ఆపి ఆమె మీద పడే దుండగుడు కూడా కనటే. ఆమెను కాపాడింది ఆయనే, ఆమె మీద పడిందీ ఆయనే. టైటిల్స్‌లో మాత్రం లేరు.

రీలుబాక్సు
ఆ సినిమాలో పేరు పడ్డవారికి కూడా సరిగా పడలేదు తెరవెనుక గారూ. టార్ల్‌టన్ అన్నదమ్ముల్లో స్టువర్ట్ వేషం వేసిన జార్జ్ రీవ్స్‌కు ‘బ్రెంట్’ అనీ, బ్రెంట్ వేసిన ఫ్రెడ్ క్రేన్‌కు ‘స్టువర్ట్’ అనీ తారుమారుగా వేశారు. ఈనాటికీ అలాగే ఉంది.

గోదారిగట్టు
కవల పిల్లల్ని తల్లులే ఒకసారి పొరబడతారు, పాపం ఆ అక్షరాలు రాసినాయన పొరబడడంలో వింత లేదు.

నీలినీడ
కనట్ విషయంలో నేను తెరవెనుక గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆయన చేసిన పనికి పేరు వేయకపోవడానికి కళాపరమైన కారణం ఏదీ కనిపించదు. 1967లో ఆయనకు గౌరవ ఆస్కారు ఇచ్చారు. ‘స్టేజ్‌కోచ్’ వచ్చి అప్పటికి 28 ఏళ్లు.

అయినా నా మొదటి మాటను పూర్తిగా వదులుకోను. 1935 నాటి ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ చూడండి. ఎల్సా లాంకెస్టర్ మొదట్లో రచయిత్రి మేరీ షెల్లీగా, తెల్లటి గౌనులో కుట్టుపని చేసుకుంటూ, ఎంతో సుకుమారంగా కనబడతారు. టైటిల్స్‌లో ఆ పాత్రకు ఆవిడ పేరు ఉంది. ఆఖర్లో ప్రాణం పోసుకునే వధువు పాత్ర ఎదురుగా ఒక ప్రశ్నార్థకం మాత్రం పెట్టారు. ఆ వధువు తెర మీద ఉండేది కొద్ది నిమిషాలే. ఒక్క మాట మాట్లాడదు. పక్షిలా తల తిప్పి చూస్తుంది, అరుస్తుంది, చివర బుసకొడుతుంది. ఆ బుస లండన్ పార్కులోని హంసల్ని చూసి నేర్చుకున్నానని ఆవిడే చెప్పారు. ఆ భయంకరమైన కథను ఊహించిన ఆడమనిషీ, ఆ ఊహలోంచి పుట్టిన ఆడమనిషీ ఒకే ముఖంతో ఉండడమే దర్శకుడు జేమ్స్ వేల్ చెప్పదలచుకున్న మాట. ప్రశ్నార్థకం చూసి ప్రేక్షకుడు ఎవరా అని వెతుకుతాడు, వెతికి మేరీ షెల్లీ ముఖాన్ని పట్టుకుంటాడు. అక్కడ పేరు దాచడం నటనలో భాగమే.

పాతరీలు_గుంటూరు
ఇక్కడ నాకు ఒక తేడా కనబడుతోంది. ప్రశ్నార్థకం పెట్టడమంటే, ఇక్కడ ఒక మనిషి ఉన్నారు, వెతుక్కోండి అని ప్రేక్షకుడికి చెప్పడం. ఆ చోటు ఖాళీగానైనా ఉంది. కనట్‌కూ బెటీ డాంకోకూ ఆ ఖాళీ చోటు కూడా దక్కలేదు.

తెరవెనుక
పాతరీలు గారు నా మనసులోని మాట రాశారు.

చదువరి1962
‘సిటిజన్ కేన్’ను ఎక్కడ పెడతారో చెప్పండి. 1941. మొదట్లో వచ్చే వార్తాచిత్రంలో గంభీరంగా వ్యాఖ్యానం చెప్పే గొంతు విలియం ఆలండ్‌ది. అది ముగిసి గదిలో దీపాలు వెలగ్గానే, కేన్ ఆఖరి మాటకు అర్థం వెతకమని పంపే విలేకరి థాంప్సన్ కూడా ఆలండే. టైటిల్స్‌లో థాంప్సన్ అని మాత్రమే ఉంది. సినిమా పొడుగునా ఆయన ముఖం వెలుగులోకి సరిగా రాదు, వీపో భుజమో కనబడుతుంది. కేన్ జీవితమంతా నాకు తెలుసన్నట్టు చెప్పిన గొంతూ, ఏమీ తెలియదని ఊరూరా తిరిగే మనిషీ ఒక్కరే కావడం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

ఆ చీకటి గదిలో పొగలో కూర్చున్న విలేకరుల్లో జోసెఫ్ కాటన్, ఎర్స్‌కిన్ శాన్‌ఫర్డ్ కూడా ఉన్నారు. కేన్ స్నేహితుడూ, పాత సంపాదకుడూ వాళ్లే కదా. స్టూడియోలోని నిజమైన ప్రదర్శన గదిలోనే ఈ ఘట్టం తీశారు. ఇంకా పూర్తి అనుమతి రాకముందే, పరీక్ష కోసం తీస్తున్నామని చెప్పి మొదలుపెట్టారని అంటారు. దగ్గరున్న తన నాటక బృందం వాళ్లనే చీకట్లో కూర్చోబెట్టి దర్శకుడు ఆర్సన్ వెల్స్ పని కానిచ్చారు. ఇది అన్యాయమూ కాదు, రహస్యమూ కాదు. నాటక సమాజాల పద్ధతి, అంతే.

గోదారిగట్టు
నాటక సమాజం అనగానే మా పెదమామయ్య గుర్తొచ్చారు. పౌరాణిక నాటకాల్లో మొదటి రంగంలో విదురుడు, మూడో రంగంలో ద్వారపాలకుడు, ఆఖరి రంగంలో సారథి. మధ్యలో దొరికేది రెండు పద్యాలంత సమయం. ఈలోగా కొబ్బరినూనెతో రంగు తుడిచి, తెల్లగడ్డం ఊడదీసి, నల్లమీసం అతికించుకోవాలి. ఒకసారి తొందరలో విదురుడి గడ్డంతోనే ద్వారపాలకుడిగా వచ్చేస్తే ముందు వరుసలోని ముసలాయన “విదురుడికి ఉద్యోగం మారినట్టుంది” అన్నాడట. కరపత్రంలో ఆయనకు విదురుడు అని మాత్రమే ఉండేది. ఆయన ఎన్నడూ బాధపడలేదు. ఎందుకంటే ఊళ్లో ప్రతివాడికీ ఆ మూడూ ఆయనేనని తెలుసు. సినిమాకూ నాటకానికీ తేడా అక్కడే వచ్చింది. కనట్‌ను చూసినవారికి కనట్ ఎవరో తెలిసే దారి లేదు.

శ్రావణి_డల్లాస్
మార్నీ నిక్సన్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను, ఎందుకంటే ఆవిడ పాటలు వింటూ పెరిగాను. 1956లో ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబోరా కెర్‌కు, 1961లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటాలీ వుడ్‌కు, 1964లో ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్‌బర్న్‌కు పాడింది ఆవిడే. ఏ ఒక్క టైటిల్స్‌లోనూ పేరు లేదు. బయట చెబితే ఈ ఊళ్లో మళ్లీ పని దొరకదని బెదిరించారని ఆవిడే చెప్పారు. దాన్ని మొదట బయటపెట్టింది డెబోరా కెర్ గారే. తన పాటల వెనక ఉన్నది నిక్సన్ అని ఆవిడ పత్రికల వాళ్లకు నిజాయితీగా చెప్పారు.

ఈ చర్చకు సరిగ్గా సరిపోయేది ‘వెస్ట్ సైడ్ స్టోరీ’. అందులో ఐదు పక్షాలవారు ఒకేసారి ఎవరి పాట వారు పాడుకునే ఘట్టం ఉంది. అక్కడ మరియా గొంతు నిక్సన్‌ది, అనితా గొంతు కూడా నిక్సన్‌దే. రీటా మొరేనో పెదవులు కదుపుతారు. ఒక గొంతు ప్రియుడి కోసం తపిస్తూ మెత్తగా సాగుతుంది, ఇంకొకటి కసిగా కరకుగా దూసుకొస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎన్నిసార్లు విన్నా నాకు ఇద్దరు మనుషులే వినబడతారు. ఆ పాటల రికార్డుల అమ్మకంలో ఆవిడకు వాటా లేదన్నప్పుడు, సంగీత దర్శకుడు లెనర్డ్ బర్న్‌స్టీన్ తన వాటాలోంచి పావు శాతం ఇచ్చారు. పేరు ఇవ్వలేకపోయినా ఆ మాత్రం చేసిన మనిషిని తలుచుకోవాలి.

మాటలపెట్టె
శ్రావణి గారూ, మన దగ్గర ఘంటసాల గారి పేరూ సుశీల గారి పేరూ టైటిల్స్‌లోనూ గోడ పోస్టర్ల మీదా చూస్తూ పెరిగినవాళ్లకు ఈ దాపరికం అర్థం కావడమే కష్టం. ఎన్.టి. రామారావు గారికి పాడింది ఘంటసాల అని తెలిసినంత మాత్రాన ఎవరి గౌరవమూ తగ్గలేదు. కాకపోతే మాటకు గొంతు ఇచ్చినవారి దగ్గరికి వచ్చేసరికి మనమూ వాళ్లలాగే ఉన్నాం.

మాటకు గొంతు అంటే 1959 నాటి ‘సమ్ లైక్ ఇట్ హాట్’ చెప్పాలి. ఆడవేషంలో ఉన్న టోనీ కర్టిస్ ఆ సన్నగొంతును ఎక్కువసేపు నిలపలేకపోతే, ఆ మాటల్లో చాలా భాగం పాల్ ఫ్రీస్ చెప్పారు. అదే సినిమాలో శవపేటికల దుకాణదారు గొంతు కూడా ఫ్రీస్‌దే. ఒక మగవాడు ఆడదానిలా మాట్లాడుతున్న మగవాడిలా మాట్లాడాలి, అదీ ఇంకొకరి పెదవుల మీద కూర్చునేలా. ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది దానిలో ఎంత కష్టముందో.

బెజవాడ_బాల్కనీ
‘టెన్ కమాండ్‌మెంట్స్’లో దేవుడి గొంతు కూడా చార్ల్‌టన్ హెస్టన్‌దే అని విన్నాను. నిజమేనా?

చదువరి1962
మండే పొద దగ్గర వినబడే గొంతు ఆయనదే. వేగం తగ్గించి, మరింత బొంగురుగా వినిపించేలా మార్చారు. మోషేకు దేవుడి మాట తన లోపలి నుంచే వినబడుతుందన్న ఆలోచనతో తానే ఆ గొంతు ఇస్తానన్నానని హెస్టన్ చెప్పుకున్నారు. టైటిల్స్‌లో లేదు, ఉండకూడదు కూడా. ఇక్కడ నేను నీలినీడ గారి పక్షం. కథ చెప్పే గొంతు మాత్రం దర్శకుడు డెమిల్‌ది.

నీలినీడ
అదే సినిమాలో వుడీ స్ట్రోడ్ ఇథియోపియా రాజుగా కనబడతారు. మరోచోట రాజకుమారి పల్లకీ మోసే బోయీగానూ కనబడతారు. రాజుకు పేరు పడింది, బోయీకి పడలేదు. దీనికి కళాపరమైన కారణం వెతకడం నాకూ సాధ్యం కాదు.

రీలుబాక్సు
గుంపు వేషాల వారిని మరచిపోకండి. బస్టర్ కీటన్ 1926 నాటి ‘ది జనరల్’ కోసం ఆరిగన్ రాష్ట్రంలోని కాటేజ్ గ్రోవ్‌లో యుద్ధఘట్టాలు తీసినప్పుడు, అక్కడి నేషనల్ గార్డ్ సైనికుల్ని పిలిపించారు. వాళ్లకు నీలిరంగు దుస్తులు తొడిగి ఒకవైపు నుంచి పరుగెత్తించారు. తర్వాత అవి విప్పించి, బూడిదరంగువి తొడిగి రెండోవైపు నుంచి పరుగెత్తించారు. యుద్ధంలో రెండు సేనలూ వాళ్లే. తమ మీద తామే కాల్పులు జరుపుకుని, తమ చేతిలో తామే ఓడిపోయి ఇళ్లకు వెళ్లారు.

ఇదే కీటన్ 1921లో ‘ది ప్లేహౌస్’ తీసినప్పుడు వాద్యబృందం, నటులు, ప్రేక్షకుల్లో అవ్వ, పిల్లవాడు, అందరి వేషాలూ తానే వేసి, సినిమాలోని కరపత్రంలో ప్రతి పని ఎదురుగా తన పేరే వేసుకున్నారు. ఒకే ఫ్రేములో తొమ్మిదిమంది కీటన్లు కనబడతారు. కెమెరామన్ ఎల్జిన్ లెస్లీ కటకం ముందు పలకల మూత పెట్టి, ఒక్కో పలక తెరుస్తూ, ఫిల్మును వెనక్కి తిప్పి తిప్పి, చేత్తోనే కెమెరా తిప్పుతూ తీశారు. వేగంలో కాస్త తేడా వచ్చినా తొమ్మిదిమంది అడుగులూ కలవవు.

తెరవెనుక
ఈ విషయంలో నన్ను ఎక్కువగా బాధించేది 1963 నాటి ‘ది లిస్ట్ ఆఫ్ ఏడ్రియన్ మెసెంజర్’. పెద్దపెద్ద తారలు రబ్బరు ముఖాలు తగిలించుకుని గుర్తుపట్టలేని వేషాల్లో ఉన్నారు, కనిపెట్టండి అన్నదే ఆ సినిమా ప్రచారం. కథ ముగిశాక కర్క్ డగ్లస్, టోనీ కర్టిస్, బర్ట్ లాంకెస్టర్, రాబర్ట్ మిచమ్, ఫ్రాంక్ సినాట్రా ఒక్కొక్కరే ముఖం మీది పొర ఊడదీసి నవ్వుతారు. కానీ ఆ రబ్బరు ముఖాల్లో కొన్నిటి వెనక కథ నడిచినంతసేపూ నటించింది జాన్ మెర్లిన్ అనే నటుడు. డగ్లస్ మారువేషాల్లో కొన్ని కూడా ఆయనే మోశారు. తారల్లో కొందరు పొర ఊడదీసే షాట్ కోసం మాత్రమే వచ్చారు. మెర్లిన్ పేరు టైటిల్స్‌లో లేదు. నీలినీడ గారు చెప్పిన ప్రశ్నార్థకం లాంటి ఆటే ఇదీ. కానీ ఇక్కడ ప్రేక్షకుడు వెతికి పట్టుకున్నది అబద్ధం. పేరు వేయకపోవడం ఒక ఎత్తు, ఒకరి పని మీద ఇంకొకరి పేరు వేయడం మరో ఎత్తు.

నీలినీడ
దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ సినిమాను చిన్నప్పుడు ఎంతో ఇష్టంగా చూశాను. మెర్లిన్ పేరు ఈరోజే విన్నాను.

గోదారిగట్టు
1954 నాటి ‘క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’ దీనికి తిరగేసిన బొమ్మ. నేల మీద ఆ జలభూతం బెన్ చాప్‌మన్, నీటిలో రికో బ్రౌనింగ్. ఒకే వేషానికి ఇద్దరు, ఇద్దరిలో ఒక్కరికీ పేరు పడలేదు. చదువరి గారు చెప్పిన విలియం ఆలండ్ ఆ సినిమాకు నిర్మాత. చీకట్లో ముఖం దాచుకుని నటించిన మనిషికి ఆ ఇద్దరి బాధ తెలిసి ఉండాల్సింది.

చదువరి1962
గోదారిగట్టు గారూ, ఆలండ్‌ను తప్పుపట్టడం తొందరపాటు అవుతుంది. రాక్షసుడి వేషం వెనక మనిషి ఉన్నాడని చెప్పకపోవడం ఆ తరహా సినిమాల్లో అప్పటికే పాతుకుపోయిన పద్ధతి. 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో రాక్షసుడి వేషం వేసిన బోరిస్ కార్లోఫ్‌కు కూడా మొదటి టైటిల్స్‌లో ప్రశ్నార్థకమే పెట్టారు.

శ్రావణి_డల్లాస్
నేను ఇక ఒక్క పేరు చెప్పి ఆపుతాను. బెస్ ఫ్లవర్స్. గుంపు వేషాలకు రాణి అని ఆవిడను పిలిచేవారు. 800కు పైగా సినిమాల్లో కనబడ్డారు. పొడగరి, నిటారుగా నడిచేవారు, ఖరీదైన గౌన్లు సొంతంగా ఉండేవి కాబట్టి విందు సన్నివేశం ఉందంటే ఆవిడకు పిలుపు వచ్చేది. ఉత్తమ చిత్రంగా ఆస్కారు పొందిన ఐదు సినిమాల్లో ఆవిడ ఉన్నారు, 1934 నాటి ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ నుంచి 1956 నాటి ‘అరౌండ్ ది వరల్డ్ ఇన్ 80 డేస్’ వరకు. ఒకసారి ఆ ముఖం పోల్చుకున్నాక ఏ పాత సినిమాలో విందు వచ్చినా కళ్లు ఆవిడ కోసమే వెతుకుతాయి.

మాటలపెట్టె
1950 నాటి ‘ఆల్ అబౌట్ ఈవ్’లోనూ ఉన్నారు కదా? విందు తర్వాత ఈవ్‌ను అభినందిస్తూ ఒక మాట కూడా మాట్లాడతారు.

శ్రావణి_డల్లాస్
అవును, ఆవిడే.

పాతరీలు_గుంటూరు
నిన్న రాత్రి ‘స్టేజ్‌కోచ్’లో ఆ తరుముడు ఘట్టం పెట్టుకుని, తెరవెనుక గారు చెప్పిన చోట ఆపి ఆపి చూశాం. కనట్ నేల మీద ఈడ్చుకుపోతూ చేతులు వదిలేసే ముందు ఒక్క క్షణం కాళ్లు దగ్గరికి చేర్చి, ఒళ్లంతా నిటారుగా బిగబట్టుకుంటారు. రెండువైపులా గుర్రాల డెక్కలు పడుతున్నాయి, మధ్యలో ఆ సన్నటి చోటులో మనిషి. బండి దాటిపోయాక దుమ్ములో పడి ఉన్న ఆకారం లేవడానికి ప్రయత్నించి మళ్లీ వాలుతుంది. మా అమ్మాయి “ఆయనకు దెబ్బ తగల్లేదు కదా” అని నాలుగుసార్లు అడిగింది. తగల్లేదని, ఆయన 1986 దాకా బతికారని చెప్పాను.

తర్వాత తన చిత్రలేఖనం పుస్తకంలో ఏడ్చే భటుడి బొమ్మ వేసి కింద ‘ఫ్రాంక్ మోర్గన్’ అని రాసింది. పక్క పేజీలో చీపురు మీద ఎగిరే మంత్రగత్తె బొమ్మ వేసి, ఎవరి పేరు రాయాలని అడిగింది. రెండు పేర్లూ రాయమన్నాను. బెటీ డాంకో పేరులో ‘డ’కు దీర్ఘం పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించింది.

వచ్చే శనివారం ‘ఆల్ అబౌట్ ఈవ్’ చూస్తాం. శ్రావణి గారూ, బెస్ ఫ్లవర్స్ ఏ రంగు జుట్టుతో ఉంటారో, ఎటు నిలబడతారో కాస్త చెబితే మాకు పోల్చుకోవడం తేలికవుతుంది.

శ్రావణి_డల్లాస్
సినిమా నలుపు తెలుపు కాబట్టి జుట్టు రంగును నమ్ముకోకండి. పొడుగ్గా, మెడ నిటారుగా పెట్టి నిలబడే ఆవిడ కోసం చూడండి.